నీళ్లు పోయిన జాగ

మా వంటగది లైటు స్విచ్చు తలుపు వెనకాల ఉంది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. చీకటి పడ్డాక వంటగదిలోకి వెళ్లాలంటే ముందు అడుగు లోపల పెట్టి, తీసిన తలుపును మళ్లీ సగం మూసి, దాని వెనక గోడను తడమాలి. సూరత్‌లోని అమ్రోలిలో ఈ ఇంట్లో అద్దెకు దిగిన మొదటి సాయంత్రమే నా భార్య ఆ తలుపు దగ్గర ఆగిపోయింది.

"ఎవడు వెట్టిండయ్యా దీన్ని ఈడ?"

"బిల్డరు," అన్నాను.

"పెట్టినంక ఒక్కసారన్న తలుపు తీస్కొని లోపటికి రాలేదా వాడు? వానింట్ల వంటర్ర లేదా?"

ఆ తర్వాత దాదాపు ప్రతి సాయంత్రం ఆ ప్రశ్న వంటగదిలోంచి వినిపించేది. వీధి చివర మగ్గాల షెడ్డు చప్పుడుకు చెవులు అలవాటు పడ్డట్టే దానికీ అలవాటు పడ్డాను. ఆమె తిట్లు స్విచ్చుతో ఆగేవి కావు. ఎక్కడ కత్తిరించినా మొహం మీదికి చిమ్మే పాల ప్యాకెట్టు, పట్టుకోగానే మరలు వదులయ్యే కుక్కర్ పిడి, చీర ఆరేద్దామంటే సగానికే సరిపోయే బాల్కనీ, మిగతావాటి కన్నా పొట్టిగా కట్టిన చివరి మెట్టు, అన్నింటికీ వాటా ఉండేది. "ఆ మెట్టు కాడ అందరు తూలుతరు. ఒక్కడన్న అడుగుతడా?" అనేది. ఫోనులో కరెంటు బిల్లు కడుతుంటే రద్దు చేసే బటన్ వేలి కిందికి వచ్చిందని ఒక ఉదయమంతా ఎవరో తెలియని మనిషిని దులిపేసింది. "బొటనవేలు ఏడ పడ్తదో సూడకుంట గీసిండు. వానికి చెయ్యి లేదేమో."

నేను నవ్వేవాణ్ని. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడగడమే నా ఉద్యోగంగా చాలా ఏళ్లు బతికాను. ఒక స్విచ్చును ఆ ప్రశ్నలు అడగాలని మాత్రం నాకెప్పుడూ తోచలేదు.

నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేసేవాణ్ని. డెస్కును తీసుకెళ్లి మరో ఊరి డెస్కులో కలిపారు. కలిపినప్పుడు కుర్చీలు తగ్గాయి, అందులో నాదొకటి. సూరత్‌లో మగ్గాలు నడిపే మా బావమరిది రమ్మన్నాడు. మా వైపు నుంచి మగవాళ్లు మగ్గాల కోసం వస్తారు. మా ఇద్దరిలో పని దొరికింది మాత్రం నా భార్యకు. ఆమె పుట్టింట్లో అందరూ నేతవాళ్లు. గళ్ల కాగితం మీద అంచుల పూలు గీయడం చిన్నప్పుడే చేతికొచ్చింది. ఇక్కడికొచ్చి కంప్యూటరు మీద గీయడం నేర్చుకుంది. రింగ్ రోడ్డు మార్కెట్లో ఒక చీరల శేఠ్ దగ్గర డిజైన్లు వేసే పనికి కుదిరింది. నేను ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తాను, అప్పుడప్పుడూ పత్రికలకు రాస్తాను, సాయంత్రం కూరగాయలు తెస్తాను.

డిజైన్లు వేయడం అని అందరికీ చెప్పుకున్నాం గానీ, ఆ పని ఏమిటో కొన్నాళ్లకు నాకు అర్థమైంది. పొద్దున్నే శేఠ్ ఫోనుకు ఫొటోలు వస్తాయి. కలకత్తాలో ఈ చీర నడుస్తోంది, హైదరాబాదులో ఇది నడుస్తోంది అని. వాటిని ఆయన ఆమెకు పంపుతాడు. "బెన్, థోడా బదల్ దో," అంటాడు. ఇక్కడ ఆడవాళ్లందరినీ బెన్ అనే పిలుస్తారు, మనం అక్కా అన్నట్టు. ఆమె కొంచెం మారుస్తుంది. పువ్వు మామిడిపిందె అవుతుంది, ఎడమకు చూసే నెమలి కుడికి చూస్తుంది. మధ్యాహ్నానికల్లా అది ప్రింటింగ్ మిల్లుకు వెళ్లిపోతుంది. శేఠ్ వెనక నిలబడి ఒక్కసారి తెర వైపు చూసి "చాల్శే" అంటాడు. నడుస్తుంది, సరిపోతుంది అని దానర్థం. ఈ ఊళ్లో రోజుకు ఎన్నిసార్లు ఆ మాట వింటామో లెక్కలేదు. నా భార్య దాన్ని ఇంటికి తెచ్చింది. నేను పప్పులో ఉప్పు ఎక్కువేసినా, చొక్కా ఇస్త్రీ సగం చేసి వదిలేసినా శేఠ్ గొంతుతో "చాల్శే, చాల్శే" అని వెక్కిరించేది.

ఒకసారి బస్సులో పక్కన కూర్చుని, బయటికి చూస్తూ చెప్పింది.

"నేను గీసింది ఒక్కటన్న, నేను గీసినట్టే బజార్ల కనవడితే సాలయ్యా. పేరు గీరు ఏం వద్దు. ఎవరో ఒకామె కట్టుకొని బస్సెక్కాలె. నేను ఎన్కనుంచి సూడాలె. గంతే."

మేం డుమస్ సముద్రపు ఒడ్డుకు వెళ్లింది ఒక చలికాలపు ఆదివారం. అందరూ వెళ్లేది టమాటా బజ్జీల కోసమే, మేమూ అందుకే వెళ్లాం. కాగితపు పళ్లెంలో బజ్జీలు పట్టుకుని ఇసుకలోకి దిగాం. డుమస్‌లో ఇసుక నల్లగా ఉంటుంది. ఆ వేళకు సముద్రం చాలా దూరం వెనక్కి వెళ్లిపోయి ఉంది. అది వెళ్లిన దారంతా నల్ల ఇసుక మీద సన్నటి వంకర గీతలు. ఒడ్డున దగ్గరదగ్గరగా, నీటి వైపు పోయే కొద్దీ దూరం దూరంగా, ఆఖరున గీతే లేకుండా ఉత్త తడి మెరుపు. నేను బజ్జీ నములుతూ మాట్లాడుతున్నాను. పక్కన ఎవరూ లేరని కాసేపటికి తెలిసింది. వెనక్కి చూస్తే ఆమె గొంతుక్కూర్చుని ఉంది.

"పెన్నుందా?"

డెస్కు పోయినా జేబులో పెన్ను పోలేదు. ఇచ్చాను. పళ్లెంలో మిగిలిన బజ్జీలు నా చేతిలో పోసి, నూనె అంటని వైపు తిప్పి గీయడం మొదలుపెట్టింది. ఒంటె మీద సవారీ తిప్పేవాడు మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు.

"నీ ఒంటెను పక్కకు తీసుకుపో భాయ్, గీతలు తొక్కేస్తోంది," అని హిందీలో గదిమింది.

వాడు నవ్వాడు. "రాత్రికి సముద్రం మళ్లీ గీస్తుంది బెన్. దానికి పనేముంది?"

నేను ఆమె భుజం మీదుగా చూశాను. పళ్లెంలో సగం మీద గీతలు, మిగతా సగంలో ఏమీ లేదు.

"అంత ఖాళీ ఎందుకు ఉంచినవ్?"

"గది ఖాళీ గాదు," అంది తలెత్తకుండానే. "నీళ్లు పోయిన జాగ."

పత్రికలో ఖాళీ అంటే మాకు భయం. పేజీలో కాస్త తెలుపు మిగిలితే ఆవులింతలు ఎందుకొస్తాయో, తాబేలు ఎంతకాలం బతుకుతుందో ఏదో ఒకటి తెచ్చి కుక్కేవాళ్లం. అందుకే ఆ పళ్లేన్ని చూస్తే నాకు సగం చేసి వదిలేసిన పనిలా అనిపించింది.

శేఠ్ పంపిన పూలు మార్చడం అయ్యాక, తిండి వేళలో ఆమె దాన్ని కంప్యూటరులో గీసుకునేది. ముదురు బూడిద రంగు చీర. ఒంటి మీద గీతలు పొడుగునా పారుతాయి, కొంగు దగ్గరికి వచ్చే కొద్దీ పల్చనవుతాయి, కొంగులో చివరంటా ఏమీ ఉండదు, అంచున ఒక్క వెండి గీత. గీయడానికి పట్టిన కాలం కన్నా గీతలు తీసేయడానికి పట్టిన కాలం ఎక్కువ. ఇంటికొచ్చి, "ఇయ్యాల ఇంకో గీత తీసేసిన," అని చెప్పేది, ఏదో సంపాదించుకొచ్చినట్టు. ఆ రోజుల్లో ఆమె స్విచ్చును కూడా హుషారుగా తిట్టేది.

ఆ సీజనులో నకళ్లన్నీ ఒకేలా ఉండి ఏదీ కదలడం లేదు. ఏదైనా కొత్తది ఉందా అని శేఠ్ అడిగిన రోజు ఆమె ఇది చూపించింది. ఆయన చాలాసేపు చూశాడట. చాల్శే అనలేదట. "ఒక శాంపిల్ కొట్టించు," అన్నాడట. ఊరి బయట సచిన్ అనే చోట ఉన్న మిల్లుకు బండి మీద మేమిద్దరమే వెళ్లాం. లోపల ఆవిరీ రంగూ కలిసిన వాసన. అచ్చు పడి, ఆవిరి పట్టి, కడిగి, ఆరిన చీరను వాళ్లు మా చేతికిచ్చినప్పుడు ఇంకా వెచ్చగా ఉంది. ఆమె దాన్ని తన డ్రెస్సు మీదే చుట్టుకుంది. బట్టల ట్రాలీల మధ్య నాకు వీపు చేసి నడిచింది.

"ఎన్కనుంచి సూడు. ఎట్లున్నది?"

గీతలు నడుము దగ్గర గుంపుగా ఉండి, వీపు మీద పల్చనై, భుజం దాటాక ఆగిపోయాయి. కొంగు ఊరికే వేలాడుతోంది. నాకు అప్పుడు తెలిసింది ఆ ఖాళీ ఎందుకో. చూపు ఆ గీతల వెంట పోయి పోయి అక్కడ నిలబడుతోంది.

"బస్సెక్కు," అన్నాను.

ఆమె నవ్వింది. తిరిగి వస్తుంటే దారి పొడుగునా బండి వెనక ఆ నవ్వు వస్తూనే ఉంది.

కొన్ని రోజులకు మన వైపు దుకాణాలకు సరుకు కొనిపెట్టే ఏజెంటు ఒకాయన శేఠ్ దగ్గరికి వచ్చాడు. మెట్రో తవ్వకాలతో రింగ్ రోడ్డు మూసేయడంతో ఆ రోజు ఆమెను నేనే సందుల్లోంచి బండి మీద దుకాణానికి తెచ్చాను. శేఠ్ చాయ్ తాగి పొమ్మన్నాడు. తెల్ల పరుపుల మీద కూర్చున్నాం. ఏజెంటు తెలుగువాడు, పెద్దవాడు, నా భార్యను "చెల్లే" అని పలకరించాడు. ఆమె చీర ఆయన చేతికిచ్చింది.

ఆయన దాన్ని దుకాణంలో గుమాస్తాలు విప్పినట్టే విప్పాడు. అంటే కొంగు చివర పట్టుకుని మా ముందుకు ఒక్క విసురు విసిరాడు. తెల్ల పరుపు మీద బూడిద రంగు బట్ట పరుచుకుంది. అంచున ఒక్క వెండి గీత తప్ప దాని మీద ఏమీ లేదు.

"ఇదేంది చెల్లే? అచ్చు వడలేదా?"

"లేదన్నా, కొంగు గట్లనే. ఇగ ఇటు సూడు, ఒంటి మీద," అంటూ ఆమె మిగతా చీర విప్పబోయింది.

"ఆగు, ఆగు. కస్టమర్ అంతదాంక ఆగుతదా?" ఆయన చీరను మళ్లీ మడిచాడు. చేతులకు అలవాటైన మడత. కొంగు పైకి వచ్చేలా మడిచి, పక్కనున్న ప్లాస్టిక్ సంచిలో దూర్చి, పరుపు మీద నిలబెట్టాడు. "దుకాన్ల ముందుగాల అగుపడేది గిదే. ఫోన్ల పెట్టే ఫొటో గిదే. గీతలు మంచిగనే గీసినవు తల్లీ, కాదంట లేను. గని గిదాంట్ల ఏమున్నది? లుంగీ అనుకుంటరు."

శేఠ్‌కు తెలుగు రాదు. లుంగీ మాట అర్థమై పెద్దగా నవ్వాడు. నేను ఆమె మొహం వైపు చూశాను. కోపం వస్తుందనుకున్నాను. ఆమె ఆ సంచిని చూస్తోంది, అంతే. నిజంగానే అందులో ఏమీ లేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ వెనక, మిల్లులో అచ్చుకు ముందు కుప్పలు పోసి ఉండే బట్టలా, నలుచదరపు బూడిద రంగు.

సాయంత్రం తాపీ నది మీద వంతెన దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. ఇంజన్ ఆపాను. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"నేను గూడ తలుపెన్కనే వెట్టిన గదయ్యా స్విచ్చు."

"అది వేరే," అన్నాను.

"ఏం వేరే? చీర ఎట్ల మడత వెడ్తరో నాకు ఎర్క లేదా? దినాం సూస్తనే ఉన్న. మార్కెట్ల నడ్సుకుంట పోతుంటే రెండు దిక్కుల గవే సంచులు. నేను చీర కట్టుకున్నామెను సూసిన గని, కొనేటామె ఏడ నిలవడ్తదో సూడలే."

ముందున్న బండి కదిలింది, నేనూ కదిలాను. ఇంటికొచ్చాక మడత మార్చమని అడుగుదామని నేనే అన్నాను. కొంగు లోపలికి పోయి గీతలు పైకి వచ్చేలా మడిస్తే సరిపోతుంది కదా అని. ఆమెకు ఆశ లేదు గానీ మర్నాడు అడిగింది. మార్కెట్ నేలమాళిగలో వరసగా కూర్చుని చీరలు మడిచే మనుషులున్నారు. వాళ్ల మేస్త్రీ ఆమె చెప్పిందంతా మర్యాదగా విన్నాడట. "బెన్, ఈ చేతులకు వచ్చింది ఒక్కటే మడత. ఒక్క చీర కోసం రెండోది నేర్పితే మిగతా చీరలన్నీ తప్పుతాయి," అన్నాడట. శేఠ్ అయితే, డబ్బాలూ సంచులూ దుకాణాల అరలూ అన్నీ కొంగు ముందుకు పెట్టడానికే ఉన్నాయన్నాడట. ఎవరి మాటలోనూ తప్పు లేదు. అదే నాకు దిగులు పుట్టించింది. తిట్టడానికి ఒక్క మనిషైనా దొరికితే బాగుండేది.

"కొంగు నింపు బెన్. గీతలు ఉండనీ," అన్నాడు శేఠ్.

ఆమె నింపింది. రోజుల తరబడి తీసి తీసి మిగుల్చుకున్న చోటును ఒక్క మధ్యాహ్నంలో నింపేసింది. మామిడిపిందెలు, వాటి మధ్య చిన్న చిన్న బుటీ పూలు, పైన రెండు నెమళ్లు. ఆ సరంజామా అంతా పాత పనుల్లోంచి తీసిందే. చివర్న గీతల మధ్య కూడా చిన్న చిన్న చుక్కలు చల్లింది. అవి వెయ్యమని శేఠ్ అడగలేదు. ఎందుకు వేశావని నేనడిగితే, "కొంగు నిండినంక ఒళ్లు బోసిపోయింది. ఏం జేస్త?" అంది.

శేఠ్ వెనక నిలబడి చూశాడు. ఈసారి చాల్శే అనలేదు. "ఆ తో దోడ్శే," అన్నాడు. నడవడం కాదు, ఇది పరిగెడుతుంది అని. అన్నేళ్ల పనిలో ఆమెకు దొరికిన పెద్ద మెప్పు అదే.

పరిగెత్తింది కూడా. పక్క దుకాణాలవాళ్లు వెంటనే ఎత్తుకుని మరి కాస్త మార్చారు. వాళ్ల చేతుల్లో గీతలు తాళ్లంత లావయ్యాయి. మేం సచిన్ నుంచి తెచ్చిన శాంపిల్ ఏమైందని ఒకరోజు అడిగాను. తుక్కు ముక్కలతో పాటు తూకానికి వెళ్లిపోయిందని చెప్పింది, బస్సు ఆలస్యమైందని చెప్పినంత మామూలుగా. నువ్వు అడిగి తీసుకోవాల్సింది కదా అన్నాను. "ఏం జేస్కుంట?" అంది.

మా కింది ఇంట్లో మా వైపు ఆమె ఒకరు ఉంటారు. భర్త మగ్గం మీదికి వెళ్తాడు, ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తుంది. ఈ ఊళ్లో ఇంటింటికీ ఆ పని వస్తుంది. వాన వెలిసిన ఒక సాయంత్రం మేం మెట్లెక్కుతుంటే గడపలోంచి పిలిచింది. ఒళ్లో చీర, చేతిలో జిగురు గొట్టం.

"వదినా, జర గిది సూడవోయ్. కొత్త మాల్. మంచిగున్నది గదా?"

మంచిగుంది అంది నా భార్య.

"మంచిగుంటే సరిపాయెనా? వీని దుంపదెగ, కొంగంత నింపి సచ్చిండు. నెమలి మీద వెట్టాల్నా రాయి, కాయ మీద వెట్టాల్నా? ఏలు వెట్ట సందు లేదు. గీసినోడు మా ఇంటికొచ్చి ఒక్క చీరకు అంటిస్తే తెలుస్తది." అని మా ఆవిడ వైపు చూసి నవ్వింది. "నీ లెక్క తిట్టుడు నేను గూడ నేర్సుకున్న."

"మరి నాలుగు రాళ్లు ఇడ్సిపెట్టు, ఎవ్వలు సూస్తరు?" అన్నాను నేను, ఏదో ఒకటి అనాలని.

"ఎవలు గీసిన్రో నీకు ఎర్కేనా వదినా? మీ మార్కెట్ మాలేనట."

"ఎవడో గీసిండు తియ్యి," అని నా భార్య మెట్లెక్కింది. చివరి పొట్టి మెట్టు దగ్గర తూలింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఎక్కువ రోజులు కాలేదు. రింగ్ రోడ్డు నుంచి ఇంటికి బస్సులో వస్తున్నాం. మధ్యలో ఒకామె ఎక్కింది. చేతిలో కూరగాయల సంచి, చంకలో పిల్ల. కూర్చోవడానికి చోటు లేక మా ముందు కడ్డీ పట్టుకుని నిలబడింది. వీపు మా వైపే ఉంది. బూడిద రంగు చీర. నడుము దగ్గర గీతలు గుంపుగా ఉన్నాయి, పైకి పోయే కొద్దీ పల్చనవుతున్నాయి. వాటి మధ్య చుక్కలు. భుజం మీద నెమళ్లు, నెమళ్ల కంట్లో మెరిసే రాళ్లు. పిల్ల ఒక రాయిని గోటితో గిల్లి ఊడదీయాలని చూస్తోంది.

నేను నా భార్యను మోచేత్తో మెల్లగా తాకాను. "గదే గదా?"

"ఏది?"

"ముంగట."

ఆమె చూసింది. ఏదో ఒక చీరను చూసినట్టే చూసింది. "రన్నింగ్ మాల్ గదా, మస్తుమంది కట్టుకుంటున్నరు," అని కిటికీ వైపు తిరిగింది. ఎవరో ఒకామె కట్టుకుని బస్సెక్కాలన్న మాట ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు. ఆ చీర కట్టుకున్న ఆమె మా కన్నా ముందే ఎక్కడో దిగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. నేను ముందు గదిలో చెప్పులు విప్పుతున్నాను. ఆమె వంటగదిలోకి వెళ్లింది. తలుపు తెరిచిన చప్పుడు, మళ్లీ సగం మూసిన చప్పుడు, గోడ మీద అరచేయి పాకిన చప్పుడు. లైటు వెలిగింది. నేను చెప్పు చేతిలో పట్టుకుని ఆగాను. ఈ మధ్య ఆ మాట వినలేదని అప్పుడు గాని నాకు తట్టలేదు. ఎప్పటి నుంచి వినడం లేదో ఎంత ఆలోచించినా తేలలేదు.

"ఎవడు వెట్టిండే ఆ స్విచ్చు ఆడ?" అని నేనే గట్టిగా అడిగాను.

లోపల డబ్బా మూత తీసిన చప్పుడైంది.

"ఏడనో ఒక కాడ వెట్టిండు," అంది. "చాల్శే."

ఈసారి అందులో శేఠ్ గొంతు లేదు. బియ్యం కడగడం మొదలుపెట్టింది.